ఒక్క బంతి విద్య

ఆట మధ్యలో పిలుపొస్తుంది. పరుగెత్తుకెళ్లి పదిహేనో ఇరవయ్యో బంతులు విసరాలి. గెలిస్తే జట్టు గెలిచినట్టు, ఓడితే తను ఓడించినట్టు. అమెరికా బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచర్ చేసే ఈ ఉద్యోగం ఇప్పుడు ఐపీఎల్ దారిలో మన ఉప్పల్ దాకా వచ్చేసింది. ఒకే విద్యను నమ్ముకున్న ఈ వృత్తి కథ, ఒకే కోర్సును నమ్ముకుని అమీర్‌పేటలో దిగే కుర్రాళ్లకు కొత్తగా అనిపించకపోవచ్చు.

2023 మార్చి 31 రాత్రి, అహ్మదాబాద్. ఐపీఎల్ సీజన్‌లో తొలి మ్యాచ్. చెన్నై సూపర్ కింగ్స్ బ్యాటింగ్ ముగించుకుని ఫీల్డింగ్‌కు వచ్చేసరికి జట్టులో ఒక మనిషి మారాడు. గుంటూరులో పుట్టి, హైదరాబాద్ క్రికెట్‌లో ఎదిగిన అంబటి రాయుడు బయటే ఉండిపోయాడు. అతనితో బ్యాటింగ్ అవసరం తీరిపోయింది కాబట్టి ఆ స్థానంలో తుషార్ దేశ్‌పాండే అనే ఫాస్ట్ బౌలర్ దిగాడు. ఐపీఎల్ చరిత్రలో తొలి ‘ఇంపాక్ట్ ప్లేయర్’ అతనే. 3.2 ఓవర్లలో 51 పరుగులిచ్చాడు. మ్యాచ్ గుజరాత్ గెలిచింది.

ఆ మార్పు వెనక ఒక షరతు ఉంది. బయటికెళ్లిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో తిరిగి రాకూడదు. ఐపీఎల్‌కు ఇది కొత్త, బేస్‌బాల్‌కు పాత చుట్టం. ఆ ఒక్క షరతు మీదే అక్కడ ఒక వృత్తి మొత్తం నిలబడి ఉంది.

వెళ్లినవాడు మళ్లీ రాడు

బేస్‌బాల్ మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేస్తాయి. ముగ్గురు అవుటైతే వంతు మారుతుంది. అంటే గెలవాలంటే ప్రత్యర్థివి 27 అవుట్లు తీయాలి. మన బౌలర్ చేసే పని అక్కడ పిచర్‌ది. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, రనప్ లేకుండా, బంతి నేలను తాకకుండా విసరాలి. ఆట మొదలుపెట్టేవాడు స్టార్టర్. ఈ రోజుల్లో తొంభయ్యో వందో బంతులు వేసేసరికి అతన్ని దింపేస్తారు. అప్పటికి ఆట ఐదో ఆరో ఇన్నింగ్స్‌లో ఉంటుంది. మిగతా దూరం లాక్కురావాల్సింది రిలీఫ్ పిచర్లే.

క్రికెట్‌లో బౌలర్‌కు తప్పు దిద్దుకునే వీలుంది. 2025 ఆగస్టు నాటి ఓవల్ టెస్టునే తీసుకోండి. నాలుగో రోజు మన సిరాజ్ హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి, బౌండరీ తాడు తొక్కేశాడు. అప్పటికి బ్రూక్ స్కోరు 19. అక్కణ్నుంచి 111 దాకా వెళ్లాడు. చివరి రోజు ఉదయం ఇంగ్లండ్‌కు 35 పరుగులు, మనకు 4 వికెట్లు కావాలి. బంతి మళ్లీ సిరాజ్ చేతికే వచ్చింది. మిగిలిన నాలుగింట్లో మూడు తనే తీసి, అట్కిన్సన్‌ను బౌల్డ్ చేసి, 6 పరుగుల తేడాతో గెలిపించాడు. అదే బేస్‌బాల్ అయితే ఒకసారి దింపేసిన పిచర్ చేతికి ఆ మ్యాచ్‌లో బంతి మళ్లీ రాదు. ఆ పూట తప్పు ఆ పూటే ఖాతాలో పడుతుంది.

హైదరాబాద్‌కు దక్కిన రెండు ఐపీఎల్ కప్పులూ చివరి ఓవర్లోనే దక్కాయి. 2009 ఫైనల్లో జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరుకు ఆఖరి ఓవర్లో 15 పరుగులు కావాలి. డెక్కన్ చార్జర్స్ ఎడమచేతి బౌలర్ ఆర్పీ సింగ్ 8 మాత్రమే ఇచ్చాడు. 2016లో అదే బెంగళూరుకు ఆఖరి ఓవర్లో 18 కావాల్సి వస్తే సన్‌రైజర్స్ బంతిని భువనేశ్వర్‌కు ఇచ్చింది, అతను 9 ఇచ్చాడు. అయితే వీళ్లిద్దరూ కొత్త బంతితోనూ బౌలింగ్ చేసేవాళ్లే. చివరి ఓవర్ వాళ్ల పనిలో ఒక భాగం. బేస్‌బాల్ ఆ భాగాన్ని విడదీసి, దానికో పదవి సృష్టించి, జీతం కట్టింది. ఆ పదవి పేరు క్లోజర్.

క్లోజర్, అతనికి ముందు వచ్చే మిగతా రిలీఫ్ పిచర్లు, మైదానం అంచున ‘బుల్‌పెన్’ అనే ఆవరణలో కూర్చుంటారు. అక్కడొక ల్యాండ్‌లైన్ ఫోన్. డగౌట్ నుంచి అది మోగితే ఎవరో ఒకరు లేచి చేయి వేడెక్కించుకోవాలి. చాలాసార్లు ఇరవై, ముప్ఫై బంతులు విసిరి సిద్ధమయ్యాక, పరిస్థితి మారింది కూర్చోమంటారు. ఆ బంతులు ఏ స్కోరుకార్డులోనూ కనిపించవు. చేయి మాత్రం వాటిని లెక్క పెట్టుకుంటూనే ఉంటుంది. ఏడాదికి అరవై, డెబ్భై మ్యాచ్‌లు ఆడాడని రాసిన రిలీఫ్ పిచర్ అంతకన్నా ఎన్నో ఎక్కువ రోజులు పనిచేసి ఉంటాడు.

లెక్క పుట్టాకే విలువ పుట్టింది

మొదట్లో ఈ పనికి గౌరవం లేదు. స్టార్టర్‌గా పనికిరాడని తేలినవాడినో, వయసు మళ్లినవాడినో బుల్‌పెన్‌కు పంపేవారు. హాయ్ట్ విల్హెల్మ్‌నే చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి ఇంటికొచ్చిన సైనికుడు. 1952లో పెద్ద లీగ్‌లో అడుగుపెట్టేసరికే 29 ఏళ్లు. వేగం లేదు. గాలిలో తిరగకుండా తూలుతూ వెళ్లే నకుల్‌బాల్ ఒక్కటే అతని ఆస్తి. దాంతోనే యాభైకి కొద్ది రోజుల ముందు వరకు ఆడాడు. 1985లో, ఆటలో మేటులకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లిన తొలి రిలీఫ్ పిచర్ అయ్యాడు.

ఈ పని విలువను మార్చింది ఓ పాత్రికేయుడు. గెలిచిన పిచర్‌కు ఒక లెక్క, ఓడిన పిచర్‌కు ఒక లెక్క ఉండగా, ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడినవాడికి ఏదీ లేదని చికాగోలో క్రీడావార్తలు రాసే జెరోమ్ హోల్ట్జ్‌మన్ గమనించాడు. 1960 ప్రాంతంలో ‘సేవ్’ అనే గణాంకాన్ని ప్రతిపాదించాడు. 1969లో అది అధికారికమైంది. స్థూలంగా చెప్పాలంటే, మూడు పరుగులకు మించని ఆధిక్యంతో దిగి, కనీసం ఒక ఇన్నింగ్స్ వేసి మ్యాచ్ ముగిస్తే ఒక సేవ్. అంకె ఉంటే జీతం గురించి బేరమాడొచ్చు. అంతవరకు బేరానికి ఆధారమే లేదు.

1974లో మైక్ మార్షల్ ఒకే సీజన్‌లో 106 మ్యాచ్‌ల్లో దిగి, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. రిలీఫ్ పిచర్‌కు ఆ గౌరవం అదే మొదలు. ఎనభైల చివర్లో ఓక్లండ్ మేనేజర్ టోనీ లా రుసా పనిని ఇంకా చిన్న ముక్కలుగా కోశాడు. స్టార్టర్‌గా జోరు తగ్గిన డెనిస్ ఎకర్స్లీకి చివరి ఒక్క ఇన్నింగ్స్ అప్పగించాడు. 1988లో, ఆ ఏటి కప్పు ఎవరిదో తేల్చే వరల్డ్ సిరీస్ తొలి మ్యాచ్‌లో, కాళ్లు సహకరించక కుంటుతూ వచ్చిన కర్క్ గిబ్సన్ ఎకర్స్లీ బంతిని స్టాండ్స్‌లోకి పంపి మ్యాచ్ లాగేసుకున్నాడు. అమెరికాలో ఆ షాట్ ఈనాటికీ టీవీల్లో తిరుగుతూనే ఉంటుంది. దాని కింద పడి నలిగిపోకుండా ఎకర్స్లీ 1992లో 51 సేవ్‌లు చేసి, సై యంగ్‌తో పాటు లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డునూ పట్టుకుపోయాడు.

మైత్రీవనం ముందు బోర్డులు

స్టార్టర్‌కు మూడు నాలుగు రకాల బంతులు రావాలి. ఒకే బ్యాటర్ ఆ మ్యాచ్‌లో రెండోసారి, మూడోసారి ఎదురవుతాడు, చూసిందే చూపిస్తే పట్టేస్తాడు. రిలీఫ్ పిచర్‌కు ఆ బాధ లేదు. ఒక్కో బ్యాటర్‌ను ఒక్కసారే చూస్తాడు కాబట్టి ఒకటి రెండు బంతులు చాలు. అవి మాత్రం లోకంలో ఇంకెవరూ వేయలేనంత బాగా రావాలి.

అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నిలబడి తలెత్తి చూస్తే ఈ సూత్రం తెలుగులో అర్థమవుతుంది. ఒక్కో బోర్డు మీద ఒక్కో విద్య. ఒకచోట టెస్టింగ్, ఒకచోట శాప్, మరోచోట డేటా సైన్స్. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకునే కుర్రాడికి కంప్యూటర్ శాస్త్రమంతా నేర్చుకునే తీరిక లేదు. ఒక్కటి గట్టిగా పట్టుకుంటే పిలుపొస్తుందని నమ్మకం. పిలుపొచ్చి సముద్రం దాటినవాళ్లు ఎందరో. ఆ నమ్మకం అబద్ధం కాదు. ఎంతకాలం నిజంగా ఉంటుందన్నదే ప్రశ్న.

బేస్‌బాల్‌లో ఆ నమ్మకానికి నిలువెత్తు రూపం మరియానో రివేరా. పనామాలోని ప్యూర్టో కైమిటో అనే జాలరి పల్లె. తండ్రితో చేపల పడవ ఎక్కినవాడు. 1990లో న్యూయార్క్ యాంకీస్ అతనికి ఇచ్చింది రెండు మూడు వేల డాలర్లు. 1995లో స్టార్టర్‌గా దిగితే అంతంతమాత్రం. 1997లో సహచరుడితో ఊరికే బంతి విసురుకుంటుండగా, తిన్నగా వెళ్లాల్సిన బంతి చివరి క్షణంలో పక్కకు జరగడం మొదలైంది. ఆపుదామని చూశాడు, ఆగలేదు. ఆ బంతే కట్టర్. ఎడమచేతి బ్యాటర్ల చేతుల మీదికి దూసుకొచ్చి బ్యాట్లు విరగ్గొట్టేది. ఏం వస్తుందో మైదానంలో అందరికీ తెలుసు, కొట్టడం మాత్రం తెలియదు. 2013లో విరమించేనాటికి 652 సేవ్‌లు. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో 425కు 425 ఓట్లూ అతనికే పడ్డాయి. ఆ ఆట చరిత్రలో ఏకగ్రీవంగా ఎన్నికైన తొలివాడు ఒక స్టార్టరో, హోమ్ రన్ల వీరుడో కాదు, రిలీఫ్ పిచర్.

అదే రివేరా 2001 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, చివరి ఇన్నింగ్స్‌లో 2-1 ఆధిక్యాన్ని నిలబెట్టలేకపోయాడు. అరిజోనా 3-2తో కప్పు కొట్టింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మళ్లీ అదే తొమ్మిదో ఇన్నింగ్స్‌కు, అదే బంతితో వచ్చాడు. ఈ ఉద్యోగానికి కావాల్సిన రెండో విద్య అది: నిన్నటిని నిన్నటితో వదిలేయడం. దానికి కోర్సు లేదు.

భదోహీ నుంచి బుల్‌పెన్‌కు

భారతీయుడెవరైనా ఈ పని చేశాడా? చేశాడు. ఉత్తరప్రదేశ్‌లోని భదోహీ జిల్లా కుర్రాడు రింకూ సింగ్. (ఐపీఎల్‌లో ఐదు సిక్సర్లు బాదిన రింకూ వేరు.) తండ్రి లారీ డ్రైవర్, తొమ్మిదిమంది పిల్లలు. ఇతను జావెలిన్ విసిరేవాడు. 2008లో అమెరికన్ ఏజెంట్ జేబీ బెర్న్‌స్టీన్ మన దేశంలో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అనే పోటీ పెట్టాడు. వేగంగా, గురిగా విసిరేవాడికి బహుమతి. రింకూ గెలిచాడు. దినేశ్ పటేల్ అనే మరో కుర్రాడితో కలిసి లాస్ ఏంజెలెస్ వెళ్లి, కోచ్ టామ్ హౌస్ దగ్గర అప్పటిదాకా చూడని ఆటను మొదటి నుంచి నేర్చుకున్నాడు. 2008 నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. 2014లో డిస్నీ తీసిన ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ సినిమా ఈ కథే. సంగీతం మన రెహమాన్‌ది.

సినిమా ఒప్పందం దగ్గర ఆగిపోతుంది, ఉద్యోగం మొదలైంది ఆ తర్వాతే. దినేశ్‌ను 2010లో వదిలేశారు. ఎడమచేతి వాటమున్న రింకూ రిలీఫ్ పిచర్‌గా నిలబడ్డాడు. ఫ్లోరిడాలోని కొత్తవాళ్ల లీగ్ నుంచి మెట్టు మెట్టుగా ఎక్కాడు. 2012లో వెస్ట్ వర్జీనియా పవర్ జట్టుకు 39 మ్యాచ్‌ల్లో 72 ఇన్నింగ్స్ వేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చినవి మూడు పరుగులు. నాలుగేళ్ల కిందట బేస్‌బాల్ అంటే తెలియనివాడికి ఇవి గౌరవమైన అంకెలు. అయితే పెద్ద లీగ్‌కు ఇంకా మూడు మెట్లున్నాయి. మరుసటి ఏడాదే మోచేయి అడ్డం తిరిగింది. ఆపరేషన్, విశ్రాంతి, మళ్లీ ప్రయత్నం; సీజన్లు గడిచిపోయాయి, చేయి కోలుకోలేదు. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలో చేరి, వీర్ మహాన్ పేరుతో ఇంకో జీవితం మొదలుపెట్టాడు.

మోచేతి లోపలి తాడు

మెట్రోలో అమీర్‌పేట తర్వాతి స్టేషన్ పంజాగుట్ట. అక్కడ దిగి నిమ్స్‌లో ఏ ఎముకల డాక్టరునడిగినా రింకూకు ఏమైందో చెప్పగలడు. మోచేతి లోపలివైపు పైచేయి ఎముకను ముంజేతి ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్ ఉంటుంది. తల మీదుగా బలంగా విసిరిన ప్రతిసారీ భారమంతా దాని మీదే. కండను పెంచుకోవచ్చు, లిగమెంట్‌ను పెంచుకోలేం. వేగం పెరిగేకొద్దీ అది తెగే రోజు దగ్గరపడుతుంది. రిలీఫ్ పిచర్‌కు ఉన్న పదిహేను బంతుల్లో ప్రతిదీ పూర్తి బలంతో వేయాల్సిందే, దాచుకోవడానికి లేదు.

1974 వరకు ఈ గాయమంటే ఆట ముగిసినట్టే. ఆ ఏడాది సెప్టెంబరులో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్ ముంజేతి నుంచి ఒక టెండన్ తీసి, మోచేతి ఎముకల్లో రంధ్రాలు చేసి, లిగమెంట్ స్థానంలో కట్టాడు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి, ఆ తర్వాతే 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఆపరేషన్‌కు అతని పేరే స్థిరపడింది. తీసే టెండన్ మీ దగ్గరుందో లేదో చూసుకోవచ్చు: బొటనవేలును చిటికెనవేలుకు ఆనించి మణికట్టు కాస్త వంచండి. మధ్యలో పైకి తేలే తాడు అదే. కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా రోజువారీ పనికి లోటు లేదు. కోలుకోవడానికి మాత్రం పిచర్‌కు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఆ లోగా బుల్‌పెన్‌లో అతని కుర్చీ ఖాళీగా ఉండదు.

గాయం మైదానంలోనే కావాలనీ లేదు. ఎడ్విన్ డియాజ్‌కు 2022లో న్యూయార్క్ మెట్స్ ఐదేళ్లకు 10 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. రిలీఫ్ పిచర్‌కు పది కోట్లు దాటడం అదే తొలిసారి. 2023 మార్చిలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో తన ప్యూర్టో రికో జట్టును గెలిపించి, సహచరులతో గెంతుతుండగా మోకాలి టెండన్ తెగింది. సీజన్ మొత్తం పోయింది.

రూలు మారితే విద్య మాసిపోతుంది

శరీరం ఆడనిచ్చినా రూలు ఆడనివ్వకపోవచ్చు. జెస్సీ ఒరోస్కో అనే ఎడమచేతి పిచర్ 1979 నుంచి 2003 దాకా 1,252 మ్యాచ్‌ల్లో దిగాడు. అంతకు మించి ఏ పిచరూ దిగలేదు. కెరీర్ చివర్లో అతను చాలాసార్లు ఒక్క ఎడమచేతి బ్యాటర్‌కు బంతులేసి వెళ్లిపోయేవాడు. ఆ ఒక్క పని మీద ఎందరో బతికారు. దిగిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలని 2020లో రూలు తెచ్చారు. మ్యాచ్‌లు సాగిపోతున్నాయని విసుగు, వేగం పెంచాలని ఆలోచన. ఒక్క బ్యాటర్ నిపుణుడి ఉద్యోగం ఆ రూలుతో పోయింది. మైత్రీవనంలో బోర్డులు ఎన్నిసార్లు మారాయో చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

జట్టులో ఉన్నవాళ్లకూ నిలకడ తక్కువ. కొత్త రిలీఫ్ పిచర్‌ను జట్టు పైలీగ్‌కు, కింది లీగ్‌కు మధ్య తిప్పుతూ ఉండొచ్చు. నిన్న రాత్రి ముప్ఫై బంతులు వేశాడా, ఇవాళ విశ్రాంతి కావాలి. అతన్ని కిందికి పంపి, చేయి తాజాగా ఉన్నవాడిని పైకి పిలుస్తారు. ఇతను బాగా ఆడాడా లేదా అన్నది ప్రశ్నే కాదు. ఒక సీజన్‌లో ఐదుసార్లకు మించి ఇలా పంపకూడదని 2022 ఒప్పందంలో హద్దు పెట్టాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఎంత సాగిందో ఊహించవచ్చు.

మన ఇంపాక్ట్ ప్లేయర్ రూలు కూడా ఈ దారిలోనే నడుస్తోంది. బ్యాటింగ్ రాని బౌలర్‌కు, ఫీల్డింగ్ చేయలేని బ్యాటర్‌కు చోటు దొరికింది. రెండూ చేసే ఆల్‌రౌండర్‌కు పని తగ్గింది. ఒక్క విద్య ఉన్నవాడు ఇవాళ సంతోషించవచ్చు. రూలు తెచ్చినవాళ్లు తీసేయనూ గలరని మాత్రం మర్చిపోకూడదు.

[చూడాలనుకునేవారికి]
*టెక్సస్‌లో సాయంత్రం ఏడింటి మ్యాచ్ హైదరాబాద్‌లో మర్నాడు తెల్లవారి ఐదున్నరకు, న్యూయార్క్‌లో అయితే నాలుగున్నరకు మొదలవుతుంది. బంతికీ బంతికీ మధ్య గడియారం పెట్టిన 2023 నుంచి మ్యాచ్‌లు మూడు గంటల లోపే ముగుస్తున్నాయి. అంటే టెక్సస్ క్లోజర్ దిగే వేళకు అమీర్‌పేట టిఫిన్ బండ్ల దగ్గర ఇడ్లీలు సగం అయిపోయి ఉంటాయి. ఆధిక్యం మూడు పరుగుల లోపుందా, బుల్‌పెన్‌లో ఎవరు లేచారు అన్న రెండూ గమనిస్తే చాలు, ఆట సగం అర్థమైనట్టే.*

నిమ్మల వారి అబ్బాయి

బేస్‌బాల్‌లో మనవాళ్లకు చోటుందా అంటే ఉంది. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2023 తొలి రౌండ్‌లో టొరొంటో బ్లూ జేస్ 20వ ఎంపికగా తీసుకున్న కుర్రాడి పేరు అర్జున్ నిమ్మల. ఇంటిపేరు చూస్తేనే ఊరు అడగాలనిపిస్తుంది. తల్లిదండ్రులు భారతదేశం నుంచి వెళ్లి ఫ్లోరిడాలో స్థిరపడ్డారు. ఎంపికయ్యేనాటికి అతనికి 17 ఏళ్లు. ఆడేది షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో, బుల్‌పెన్‌లో కాదు. డల్లాస్ తెలుగువాళ్లకు పక్కనే ఉండే టెక్సస్ రేంజర్స్ తరఫున 2024లో అడుగుపెట్టిన కుమార్ రాకర్ తల్లి కూడా భారత సంతతి. అతను స్టార్టర్. అయితే ఈ ఆటలో స్థానాలు శాశ్వతం కావు. 601 సేవ్‌లు చేసిన ట్రెవర్ హాఫ్‌మన్ మొదట షార్ట్‌స్టాపే. బ్యాటింగ్ కుదరక, చేతి బలం చూసి బుల్‌పెన్‌కు పంపితే హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్లాడు.

అమెరికాలో పిల్లల్ని లిటిల్ లీగ్‌కు తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులు రివేరా కథ చెబితే చెప్పొచ్చు. దాంతో పాటు చెప్పాల్సిన కథ మార్విన్ మిల్లర్‌ది. ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్తగా పనిచేసి, 1966లో బేస్‌బాల్ ఆటగాళ్ల సంఘానికి నాయకుడయ్యాడు. బంతి విసిరినవాడు కాదు. 1968లో అతను కుదిర్చిన తొలి ఒప్పందం కనీస జీతాన్ని ఏడాదికి 6,000 డాలర్ల నుంచి 10,000కు పెంచింది. 2026లో ఆ కనీసం 7,80,000 డాలర్లు. పైలీగ్ జట్టులో 43 రోజులు ఉంటే చాలు, పింఛనుకు అర్హత. రింకూ ఆడిన స్థాయి లీగుల్లో ఏడాదికి 11,000 డాలర్లు దాటని జీతం, 2022లో వాళ్లూ సంఘంలో చేరాక, మరుసటి ఏడాది ఒప్పందంతో 26,200కు చేరింది.

ఒక్క విద్యతో బతికేవాడిని ఆ విద్య ఒక్కటే కాపాడలేదు. మోచేయి తెగుతుంది, రూలు మారుతుంది, తాజా చేయి ఇంకొకటి దొరుకుతుంది. రిలీఫ్ పిచర్‌కు ఇవన్నీ ఉన్నా రేపటి మీద కాస్త ధీమా ఉందంటే, అతని బంతి వల్ల కాదు. అతనిలాంటివాళ్లంతా కలిసి ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకోగలిగారు కాబట్టి. అమీర్‌పేటలో కోర్సు నేర్పేవాళ్లు వందల మంది ఉన్నారు. కోర్సు పాతబడ్డాక ఆ కుర్రాడి తరఫున కూర్చుని బేరమాడే మిల్లర్ ఇంకా రాలేదు. కట్టర్ కంటే ముందు నేర్చుకోవాల్సింది అదేనేమో.